ఆపేటప్పుడూ పనిచేసే మోటారు



తార్నాక మెట్రో స్టేషన్ కింద మీరు ఎప్పుడో ఒకప్పుడు నిలబడే ఉంటారు. బస్సు కోసమో, షేర్ ఆటో కోసమో. ఈసారి నిలబడ్డప్పుడు కాసేపు ట్రాఫిక్ మోతను పక్కన పెట్టి పైకి చెవి ఒగ్గండి. మెట్టుగూడ వైపు నుంచి రైలు వస్తుంది. స్టేషన్‌లోకి వచ్చేటప్పుడు సన్నగా ఒక ధ్వని వినిపిస్తుంది. పై స్థాయిలో మొదలై, దిగుతూ దిగుతూ ఆగిపోతుంది. కాసేపటికి రైలు కదులుతుంది. మళ్లీ అదే ధ్వని. ఈసారి కింద మొదలై పైకి పోతుంది.

కదిలేటప్పుడు వచ్చే ధ్వని సంగతి తెలిసిందే. మోటారు రైలును లాగుతోంది, అందుకే మోగుతోంది. మరి ఆగేటప్పుడు వచ్చేది? ఆగే రైల్లో మోటారుకు ఏం పని?

ఈ రోజు మన మాటంతా ఆ ప్రశ్న చుట్టూనే. జవాబు ముందే చెప్పేస్తాను. ఆగేటప్పుడు కూడా ఆ మోటారు పనిచేస్తూనే ఉంది. కాకపోతే అప్పుడు కరెంటు తినడం లేదు, కరెంటు తయారు చేస్తోంది. రైలును ఆపుతున్నది కూడా చాలావరకు అదే. ఆఖర్లో, రైలు దాదాపు నిలబడే వేళకు మాత్రం మామూలు బ్రేకులు పట్టుకుంటాయి.

మెట్రోలో ఏం జరుగుతోందో, చాలా ఎలక్ట్రిక్ స్కూటీల్లో, మీ పక్కింటివాళ్ల హైబ్రిడ్ కారులో, ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులో కూడా అదే జరుగుతుంది. ఈ సంగతి తెలిస్తే ఒక లాభం ఉంది. అదే బ్యాటరీ, అదే చార్జింగ్, కానీ బండి ఇంకొంచెం దూరం పోతుంది. దానికి మీరు ఒక్క రూపాయి పెట్టక్కర్లేదు. ముందుకు చూడాలి. యాక్సిలరేటర్ ముందే వదలాలి. ఈ మాట ఇంకో రెండుసార్లు చెప్తాను. ఎందుకో కూడా చెప్తాను.

కరెంటు ఇస్తే తిరిగేది మోటారు. తిప్పితే కరెంటు ఇచ్చేది జనరేటర్. రెండూ వేర్వేరు యంత్రాలని చాలామంది అనుకుంటారు. నిజానికి యంత్రం ఒకటే. ఈ సంగతి ప్రపంచం దృష్టికి వచ్చింది 1873లో, వియన్నా నగరంలో జరిగిన పెద్ద ప్రదర్శనలో. జెనోబ్ గ్రామ్ అనే బెల్జియం ఇంజనీరు చేసిన డైనమోలు అక్కడ పెట్టారు. ఒక డైనమోను ఇంజను తిప్పుతోంది. దాని వైర్లు పోయి రెండో డైనమోకు తగిలాయి. ఎవరూ తిప్పకుండానే ఆ రెండోది గిర్రున తిరిగింది. అనుకోకుండా జరిగిందని చెప్తారు. అనుకోకుండా జరిగినా, అనుకుని చేసినా, ఆ రోజు చూసినవాళ్లకు ఒకటి తేలిపోయింది. కరెంటు పుట్టించే యంత్రానికి కరెంటు ఇస్తే అది మోటారవుతుంది. మోటారును బలవంతంగా తిప్పితే అది డైనమో అవుతుంది.

డైనమో అనగానే పెద్దవాళ్లకు సైకిల్ గుర్తొస్తుంది. టైరు పక్కన చిన్న సీసాలాగా బిగించి ఉండేది. చీకటి పడగానే దాన్ని వంచితే టైరుకు ఆనుకునేది. టైరు తిరిగితే దాని తల తిరిగేది. ముందు లైటు వెలిగేది. అందరికీ గుర్తుండేది ఆ వెలుగే. ఇంకొకటి కూడా గుర్తు చేసుకోండి. డైనమో ఆనించగానే తొక్కడం బరువయ్యేది. రెండో ఆట సినిమా చూసి ఇంటికొచ్చేటప్పుడు, ఎదురుగాలి కూడా తోడైతే, లైటు వద్దని డైనమో వెనక్కి లాగేసి చీకట్లోనే తొక్కినవాళ్లు ఉన్నారు. బల్బు మాడిపోయిన రోజున మాత్రం డైనమో తిరుగుతున్నా అంత బరువనిపించేది కాదు. రాపిడి ఒక్కటే మిగిలేది.

అంటే ఆ బరువులో ఎక్కువ భాగం డైనమో తిరగడం వల్ల వచ్చింది కాదు. కరెంటు తీసుకోవడం వల్ల వచ్చింది. కరెంటు ఎంత లాగితే అంత బరువు. ఆ బరువే బ్రేకు. ఎలక్ట్రిక్ బండిలో బ్రేకింగ్ అంటే ఇదే. బండి పరుగు డైనమోను తిప్పుతుంది. డైనమో కరెంటు ఇస్తుంది. కరెంటు ఇస్తున్నందుకు చక్రం బరువెక్కి బండి నెమ్మదిస్తుంది.

యూనివర్సిటీలో ఎలక్ట్రికల్ పిల్లలకు ఇది చెప్పాలంటే నేను బోర్డు జోలికి పోను. స్కూటర్ వెనక చక్రంలో ఉండే హబ్ మోటారు ఒకటి స్టాండు మీద బిగిస్తాం. దాని ఇరుసులోంచి మూడు లావుపాటి వైర్లు బయటికొస్తాయి. పసుపు, ఆకుపచ్చ, నీలం. వాటి కొనలు ఒకదానికొకటి తగలకుండా విడిగా పెట్టి చక్రాన్ని చేత్తో తిప్పమంటాను. తిరుగుతుంది. తర్వాత ఆ మూడు కొనలూ కలిపి మెలిపెట్టి, మళ్లీ తిప్పమంటాను. చక్రం మొండికేస్తుంది. మెల్లగా తిప్పితే సరే అంటుంది. జోరుగా తిప్పబోతే చేతిని వెనక్కి నెడుతుంది. బ్యాటరీ లేదు, బ్రేక్ షూ లేదు, ఏమీ లేదు. తిప్పిన వాళ్ల చేతి బలమే లోపల కరెంటుగా మారి, ఆ కరెంటే అడ్డుపడుతోంది. మొదటిసారి తిప్పినవాళ్ల ముఖాలు చూడాలి. వైర్లు విప్పి, మళ్లీ కలిపి, మళ్లీ విప్పి తిప్పుతూనే ఉంటారు.

పుస్తకం ముట్టకుండానే ఈ కిటుకు పట్టుకున్నవాళ్లు కూడా ఉన్నారు. సందుల్లో ఎలక్ట్రిక్ బండ్లు బాగుచేసే మెకానిక్‌లు. స్విచ్ ఆపేసి ఉన్నా బండి ముందుకు తోయడానికి రాకుండా బిగుసుకుపోయిందనుకోండి. వాళ్లు ముందు ఆ మూడు వైర్లు ఊడదీస్తారు. చక్రం సులువుగా తిరిగిందా, "మోటర్ మంచిగనే ఉంది అన్నా, కంట్రోలర్ ఖరాబైంది" అని తేల్చేస్తారు. చాలాసార్లు ఆ మాట నిజమే అవుతుంది. కంట్రోలర్ లోపల ట్రాన్సిస్టర్లు కాలి అతుక్కుపోయి ఉంటాయి. మా ల్యాబ్‌లో మేం మెలిపెట్టిన పనే అక్కడ జరిగింది.

కంట్రోలర్ అన్నాను కదా. అదేమిటో చూద్దాం. దానికి మీరు ఇంట్లోంచి కదలక్కర్లేదు. ఇప్పుడు చాలా ఇళ్లలో రిమోట్‌తో నడిచే బీఎల్‌డీసీ ఫ్యాన్లు వచ్చాయి. పాత ఫ్యాన్ 70, 75 వాట్లు తీసుకుంటే ఇది దాదాపు 30 వాట్లతో అదే గాలి ఇస్తుంది. దాని లోపల, కప్పుకు వేలాడే కడ్డీకి రాగి తీగ కాయిళ్లు బిగించి ఉంటాయి. అవి తిరగవు. చుట్టూ ఉన్న డబ్బా తిరుగుతుంది. ఆ డబ్బా లోపలి గోడకు అయస్కాంతాలు అంటించి ఉంటాయి. ఇప్పుడు ఆ ఫ్యాన్‌ను నిలువుగా తిప్పి, రెక్కలు తీసేసి, టైరు ఎక్కించామనుకోండి. స్కూటర్ హబ్ మోటారు సూత్రం అంతే. ఇరుసుకు కాయిళ్లు, చక్రానికి అయస్కాంతాలు. కొన్ని బండ్లలో మోటారు చక్రంలో కాకుండా మధ్యలో ఉండి బెల్టుతో చక్రాన్ని తిప్పుతుంది. తేడా అమరికలోనే.

ఈ ఫ్యాన్‌కు గోడ మీద పాత రెగ్యులేటర్ పనిచేయదు. ఎందుకంటే దీనికి లోపలే ఒక చిన్న ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది. అయస్కాంతం ఏ కాయిల్ దగ్గరికి వచ్చిందో ఆ బోర్డు కనిపెడుతుంది. సరిగ్గా ఆ వేళకు ఆ కాయిల్‌కు కరెంటు ఇస్తుంది. తర్వాత పక్క కాయిల్‌కు. తర్వాత దాని పక్కదానికి. అయస్కాంతాన్ని అలా ముందుకు లాగుతూ పోతుంది. బండిలో కంట్రోలర్ చేసేది ఇదే పని, ఇంకా పెద్ద ఎత్తున. బ్యాటరీ ఇచ్చేది డీసీ. మోటారుకు కావలసింది పల్లెల్లో బోరు మోటారుకు వచ్చే త్రీ ఫేజ్ లాంటి కరెంటు. డీసీని సెకనుకు వేలసార్లు తెంచి, కలిపి, మూడు వరసలుగా మార్చి పంపుతుంది కంట్రోలర్. ఆ తెంచడం, కలపడమే మనకు మెట్రో కింద ధ్వనిగా వినిపించేది.

అంత పెద్ద కరెంటును అంత వేగంగా తెంచి కలిపే ట్రాన్సిస్టర్ ఒకటి కావాలి కదా. రైళ్లలో, కార్లలో దశాబ్దాలుగా ఆ పని చేస్తున్నది ఐజీబీటీ అనే పరికరం. దాన్ని కనిపెట్టింది బి. జయంత్ బాలిగా. మద్రాసులో పుట్టారు. మద్రాసు ఐఐటీలో చదివి అమెరికా వెళ్లి, జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేస్తూ 1980 ప్రాంతాల్లో దీన్ని తయారు చేశారు. 2024లో ఫిన్లాండ్ వాళ్ల మిలీనియం టెక్నాలజీ బహుమతి ఆయనకే ఇచ్చారు. మన ఇంజనీరింగ్ పిల్లల్లో ఎంతమందికి ఆయన పేరు తెలుసో నాకు అనుమానమే. తెలియాలి. అందుకే ఈ పూట ప్రత్యేకంగా చెప్పాను.

ఇక అసలు సంగతి. బండి పరిగెత్తేటప్పుడు బ్యాటరీ నుంచి మోటారుకు కరెంటు. మీరు యాక్సిలరేటర్ వదలగానే ఏం మారుతుంది? ఒక్క బోల్టు కూడా కదలదు. గేరు పడదు. కంట్రోలర్ ఆ కాయిళ్లను తెంచి కలిపే వేళ మారుస్తుంది. అంతే. అయస్కాంతాన్ని ముందుకు లాగే బదులు వెనక్కి పట్టి ఉంచుతుంది. కరెంటు దిశ మారిపోతుంది. మోటారు నుంచి బ్యాటరీకి ప్రవహిస్తుంది. మెట్రోలో అయస్కాంతాలు అంటించిన మోటార్లు కావు, బోరు మోటార్ల జాతికి చెందిన ఇండక్షన్ మోటార్లు. సూత్రం ఒక్కటే. మోటారు తిరిగే వేగం కంటే కాయిళ్లలోని అయస్కాంత క్షేత్రాన్ని కంట్రోలర్ కొంచెం వెనకబడేలా తిప్పుతుంది. అప్పుడు మోటారు జనరేటర్ అవుతుంది. పుట్టిన కరెంటు పైనున్న 25,000 వోల్టుల తీగలోకి తిరిగి వెళ్తుంది. ఆ దగ్గర్లో బయలుదేరుతున్న మరో రైలు దాన్ని వాడుకుంటుంది. హబ్సిగూడలో ఆగే రైలు తార్నాకలో కదిలే రైలుకు చేయి అందిస్తుందన్నమాట.

అయస్కాంతాల మాట వచ్చింది కాబట్టి ఒక్క నిమిషం. బండి మోటార్లలో వాడే బలమైన అయస్కాంతాల్లో నియోడిమియం అనే అరుదైన మృత్తిక (రేర్ ఎర్త్) మూలకం ఉంటుంది. ఈ అయస్కాంతాల తయారీలో చైనాదే పైచేయి. 2025 ఏప్రిల్‌లో చైనా కొన్ని అరుదైన మూలకాల మీద, వాటితో చేసే అయస్కాంతాల మీద ఎగుమతి ఆంక్షలు పెట్టగానే మన వాహన కంపెనీలకు ఊపిరాడలేదు. ఈ మూలకాలు మన దగ్గరా లేకపోలేదు. తార్నాక నుంచి ఉప్పల్ వైపు రెండో స్టేషన్ పేరు ఎన్‌జీఆర్‌ఐ. ఆ స్టేషన్‌కు పేరిచ్చిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలే 2023లో అనంతపురం జిల్లా రాళ్లలో నియోడిమియంతో సహా అరుదైన మూలకాలు ఉన్నట్టు ప్రకటించారు. మన కోస్తా ఇసుకలో దొరికే మోనజైట్‌లో కూడా ఇవి ఉన్నాయి. రాయి నుంచి అయస్కాంతం దాకా చాలా దూరం. కానీ ఆ దూరం నడవాల్సిందే అని నా గట్టి అభిప్రాయం. మోటారు మన దగ్గర చేసి, దాని గుండెకాయను పక్క దేశం నుంచి తెచ్చుకుంటే సగం పనే చేసినట్టు.

సరే, మన బ్రేకు దగ్గరికి వద్దాం. ఆగేటప్పుడు ఎంత శక్తి వెనక్కి వస్తుంది? చిన్న లెక్క చెప్తాను. కాగితం అవసరం లేదు.

మీరు, మీ స్కూటర్ కలిపి 180 కిలోలు అనుకుందాం. 40 కిలోమీటర్ల వేగంతో పోతున్నారు. ఆ పరుగులో దాగి ఉన్న శక్తి దాదాపు 3 వాట్-అవర్లు. అంటే మీ ఇంట్లో ఆ 30 వాట్ల ఫ్యాన్‌ను ఆరు నిమిషాలు తిప్పగలిగినంత. "ఇంతేనా" అనిపిస్తుంది. ఒక్కసారి ఆగితే ఇంతే. కానీ స్కూటర్ కిలోమీటరుకు వాడేదే 25, 30 వాట్-అవర్లు. తార్నాక నుంచి సికింద్రాబాద్ దాకా పోయేసరికి ఎన్నిసార్లు ఆగుతారో మీకే తెలుసు. మామూలు బ్రేకులతో పదిసార్లు ఆగితే ఒక కిలోమీటరు ప్రయాణానికి సరిపడే శక్తి బ్రేకుల్లో వేడిగా పోయినట్టే.

ఇప్పుడు బస్సు. మనుషులతో కలిపి 15 టన్నులు అనుకోండి. అదే 40 కిలోమీటర్ల వేగం. ఒక్కసారి ఆపితే పావు యూనిట్. సిటీ బస్సు స్టాపు స్టాపుకు ఆగాలి. ఇంక వంద టన్నుల రైలు 60 కిలోమీటర్ల వేగం నుంచి ఆగితే? దాదాపు నాలుగు యూనిట్లు. మన ఫ్యాన్ అయిదు రోజులకు పైగా రాత్రింబవళ్లు తిరుగుతుంది. ఒక్క స్టేషన్‌లో ఒక్క రైలు ఒక్కసారి ఆగితే.

పెట్రోల్ బండిలో, డీజిల్ బస్సులో ఈ శక్తి మొత్తం బ్రేక్ లైనర్లలో వేడై గాలిలో కలిసిపోతుంది. ఘాట్ రోడ్డు దిగిన లారీ పక్కన నిలబడితే వచ్చే ఆ కాలిన వాసన డీజిల్ డబ్బుల వాసనే. 2019లో శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు ఆర్టీసీ పేరుతో 40 ఎలక్ట్రిక్ బస్సులు రోడ్డెక్కినప్పుడు అందరూ పొగ లేదని మెచ్చుకున్నారు. నిజమే. కానీ ఆగి ఆగి నడిచే బండికి ఎలక్ట్రిక్ మోటారు ఎంత బాగా సరిపోతుందన్నది నాకు ఇంకా పెద్ద సంగతి.

ఇక్కడ ఎప్పుడూ ఒక ప్రశ్న వస్తుంది. క్లాసులో పిల్లలు అడుగుతారు. ఆటోలో ఎక్కితే డ్రైవరన్న అడుగుతాడు. "సార్, వెనక చక్రానికి మోటర్ ఉంది కదా, ముందు చక్రానికి డైనమో పెడితే బ్యాటరీ దానంతటదే నిండుతది కదా? చార్జింగే అక్కర్లేదు కదా?" ఫోన్లో వీడియోలు కూడా తిరుగుతుంటాయి. చార్జింగ్ లేకుండా నడిచే బండి అని. నేను ఈ ప్రశ్నను తేలిగ్గా తీసేయను. అడిగినవాడు ఆలోచించి అడుగుతున్నాడు.

జవాబు మళ్లీ మన సైకిల్ డైనమోలోనే ఉంది. డైనమో కరెంటు ఇస్తున్నంతసేపూ తొక్కడం బరువైంది కదా. ముందు చక్రానికి డైనమో పెడితే వెనక మోటారు ఆ బరువు కూడా లాగాలి. డైనమో ఇచ్చేదానికంటే మోటారు అదనంగా తినేది ఎప్పుడూ ఎక్కువే. ఎలక్ట్రికల్ మెషీన్స్ ల్యాబ్‌లో హాప్కిన్సన్ టెస్ట్ చేసిన ఇంజనీర్లు మన శ్రోతల్లో చాలామంది ఉంటారు. ఒకే రకం యంత్రాలు రెండు, ఒకే షాఫ్టుకు బిగిస్తారు. ఒకటి మోటారు, ఒకటి జనరేటర్. మోటారు జనరేటర్‌ను తిప్పుతుంది. జనరేటర్ తన కరెంటు మోటారుకు ఇస్తుంది. చూడ్డానికి రెండూ ఒకదాన్నొకటి పోషించుకుంటున్నట్టే ఉంటుంది. కానీ బయటి సప్లై తీసేయండి. రెండూ ఆగిపోతాయి. తీగల వేడికి, బేరింగుల రాపిడికి, ఇనుములో జరిగే నష్టానికి సరిపడా శక్తి బయటి నుంచి వస్తేనే ఆ జత తిరుగుతుంది. ఆ బయటి సప్లైని కొలిచే మీటరు ముల్లు ఎప్పుడూ సున్నా మీద నిలబడదు. చార్జింగ్ లేకుండా నడిచే బండి అని ఎవరైనా మీ దగ్గర డబ్బులు అడిగితే ఆ ముల్లును గుర్తు పెట్టుకోండి.

అందుకే బ్రేకింగ్ కరెంటు కొత్తగా పుట్టిన శక్తి కాదు. మీ బ్యాటరీ ఇంతకుముందు ఖర్చుపెట్టిన శక్తిలోంచి కొంత వెనక్కి రావడం. అది కూడా పూర్తిగా రాదు. చక్రం నుంచి మోటారుకు, మోటారు నుంచి కంట్రోలర్‌కు, అక్కడి నుంచి బ్యాటరీకి, మళ్లీ అదే దారిలో చక్రానికి. ప్రతి మజిలీలో కొంత తరుగు పోతుంది. మంచి కారులో వందకు అరవై, డెబ్బై దాకా తిరిగి చక్రానికి చేరితే బాగా వచ్చినట్టు. చవక స్కూటర్లలో ఇంకా తక్కువ. కొన్నిట్లో ఈ ఏర్పాటే ఉండదు.

2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ రేసు జరిగింది. మీలో చాలామంది చూసి ఉంటారు. ట్రాఫిక్ మళ్లించారని విసుక్కున్నవాళ్లు కూడా ఉంటారు. ఆ కార్లలో ఒక విశేషం ఉంది. వెనక చక్రాలకు మామూలు హైడ్రాలిక్ బ్రేకులు లేవు. మోటారే ఆపుతుంది. ముందు ఇరుసుకు ఇంకో మోటారు ఉంది. అది బండిని లాగడానికి కాదు, ఆపేటప్పుడు కరెంటు పట్టుకోవడానికే. రేసులో వాడే శక్తిలో 40 శాతమైనా బ్రేకింగ్ నుంచే వస్తుందని నిర్వాహకులు చెప్పిన లెక్క. ఆ రోజు గెలిచిన జాన్ ఎరిక్ వెర్న్ లాంటి డ్రైవర్ల పనితనం ఎక్కడ కనిపిస్తుందో తెలుసా? యాక్సిలరేటర్ తొక్కడంలో కాదు. వదలడంలో. మలుపు ఇంకా ముందుండగానే కాలు తీసేస్తారు. బండిని కొంత దూరం జారనిస్తారు. ఆ తర్వాతే బ్రేకు. ముందే వదిలినవాడికి చివరి ల్యాపుల్లో శక్తి మిగులుతుంది.

రెండోసారి చెప్తున్నాను. ముందుకు చూడండి. ముందే వదలండి.

ఇంజను, మోటారు రెండూ ఉండే హైబ్రిడ్ కార్ల సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. 1997లో జపాన్‌లో టొయోటా ప్రియస్ వచ్చింది. మన రోడ్ల మీద ఇప్పుడు ఇన్నోవా హైక్రాస్, గ్రాండ్ విటారా లాంటి వాటిలో హైబ్రిడ్ రకాలు ఉన్నాయి. వీటికి ప్లగ్గు ఉండదు. బ్యాటరీ కూడా చిన్నదే. ఒకటి, రెండు యూనిట్ల లోపు. ఇంత చిన్న బ్యాటరీతో ఏం లాభం అని అడుగుతారు. దాని పని దూరం తీసుకెళ్లడం కాదు. ఆగేటప్పుడు వచ్చిన కరెంటును మళ్లీ కదిలేదాకా దాచి ఉంచడం. అందుకే మామూలు పెట్రోల్ కారుకు హైవే మీద మైలేజీ బాగా వచ్చి సిటీలో పడిపోతే, ఇవి సిటీ ట్రాఫిక్‌లో కూడా నిలబెట్టుకుంటాయి. ఉప్పల్ నుంచి అమీర్‌పేట రోజూ వెళ్లొచ్చేవాళ్లకు హైబ్రిడ్ ఇచ్చే లాభం, వారం వారం విజయవాడ హైవే మీద ఒకే వేగంతో పోయేవాళ్లకు రాదు. కొనేముందు మీ బండి ఎక్కువగా ఎక్కడ తిరుగుతుందో ఆలోచించుకోండి. షోరూంలో చెప్పే మైలేజీ అంకె తర్వాత సంగతి.

ఇప్పుడు నడపడం. లాలాపేట ఫ్లైఓవర్ దిగుతున్నారనుకోండి. ముందు వాహనాలు ఆగి ఉన్నాయి. మామూలుగా ఏం చేస్తాం? చివరిదాకా యాక్సిలరేటర్ పట్టుకుని, దగ్గరికొచ్చాక గట్టిగా బ్రేకు కొడతాం. అలా కొట్టినప్పుడు చాలా స్కూటర్లలో శక్తిలో ఎక్కువ భాగం డ్రమ్ములోనో డిస్క్‌లోనో వేడిగా పోతుంది. మోటారు అంత తక్కువ సమయంలో అంత శక్తి పట్టుకోలేదు. బ్యాటరీ కూడా అంత వేగంగా తీసుకోలేదు. అదే దిగడం మొదలుపెట్టగానే యాక్సిలరేటర్ వదిలేయండి. మోటారు మెల్లగా పట్టుకుంటుంది. పట్టుకున్నంతసేపూ బ్యాటరీలోకి కొంత వెళ్తూనే ఉంటుంది. మీటర్ మీద చిన్న ఆకుపచ్చ గీతో, బాణమో కనిపిస్తుంది చాలా బండ్లలో. అది ఎక్కువసేపు వెలిగేలా నడపండి. గట్టిగా కొంచెంసేపు వెలగడం కంటే, మెత్తగా ఎక్కువసేపు వెలగడం మేలు.

అన్నిటికంటే మంచిది మాత్రం అసలు ఆగాల్సిన పని లేకుండా చూసుకోవడం. సిగ్నల్ ఎర్రగా ఉందని దూరం నుంచే కనిపిస్తే వేగం తగ్గించుకుంటూ వెళ్లండి. మీరు చేరేసరికి పచ్చ పడితే, ఆపి మళ్లీ కదిలించే ఖర్చు తప్పింది. ఎంత మంచి మోటారైనా వెనక్కి ఇచ్చేది కొంతే. ఖర్చు కానిది మొత్తం మీదే.

కొన్ని జాగ్రత్తలున్నాయి. రాత్రంతా చార్జింగ్ పెట్టి, పొద్దున్నే నూరు శాతం నిండిన బ్యాటరీతో బయలుదేరారు. నిండిన బ్యాటరీలోకి ఇంకా కరెంటు పోదు. అందుకని కంట్రోలర్ మోటారు బ్రేకింగ్‌ను తగ్గించేస్తుంది. నిన్న సాయంత్రం యాక్సిలరేటర్ వదిలితే చక్కగా నెమ్మదించిన బండి ఈ పొద్దున జారిపోతున్నట్టు అనిపిస్తుంది. బండి పాడవలేదు. మొదటి కొన్ని కిలోమీటర్లు చేతి బ్రేకులను నమ్ముకోండి. రోజూ తక్కువ దూరమే తిరిగేవాళ్లు పూర్తిగా నింపకుండా కొంత ఖాళీ ఉంచితే ఈ ఇబ్బందీ ఉండదు.

వానాకాలంలో, రోడ్డు తడిసి బురదగా ఉన్నప్పుడు మోటారు బ్రేకింగ్‌ను తక్కువ స్థాయిలో పెట్టుకోండి. ఎందుకంటే మోటారు ఒక్క చక్రాన్నే పట్టుకుంటుంది. స్కూటర్లో అది వెనక చక్రం. జారే రోడ్డు మీద వెనక చక్రం ఒక్కటీ గట్టిగా నెమ్మదిస్తే బండి అడ్డం తిరుగుతుంది. ఇక కారు ఉన్నవాళ్లకు ఇంకో మాట. మోటారే ఎక్కువ పని చేస్తుంది కాబట్టి మీ డిస్క్ బ్రేకులు వాడకం లేక తుప్పు పడతాయి. వారానికి ఒకసారైనా ఖాళీ రోడ్డు చూసి, వెనక ఎవరూ లేరని నిర్ధారించుకుని, రెండు మూడుసార్లు బ్రేకు గట్టిగా నొక్కండి. అత్యవసరంలో ఆదుకునేవి ఆ డిస్కులే.

కొత్తగా కొనేవాళ్లు షోరూంలో ఒకే ఒక్క ప్రశ్న అదనంగా అడగండి. "యాక్సిలరేటర్ వదిలితే బ్యాటరీలోకి కరెంటు వెళ్తుందా? దాన్ని ఎక్కువ, తక్కువ చేసుకునే వీలుందా?" అని. అమ్మే కుర్రాడికి తెలియకపోతే టెస్ట్ రైడ్ అడగండి. ఖాళీ రోడ్డు మీద 30 వేగంలో యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసి చూడండి. బండి తనంతట తాను పట్టినట్టు నెమ్మదిస్తే ఉన్నట్టే. మీటర్ మీద ఆ బాణం కూడా కనిపిస్తే ఇంకా మంచిది. ఏమీ పట్టనట్టు జారిపోతే, బ్యాటరీ పూర్తిగా నిండి ఉందేమో అడిగి, లేదంటే ఆ బండిలో ఆ ఏర్పాటు లేదని అనుకోండి. మూడోసారి, ఆఖరిసారి చెప్తున్నాను. ముందుకు చూసి ముందే వదిలే అలవాటు ఉన్నవాళ్లకే ఈ ఏర్పాటు పూర్తిగా పనికొస్తుంది.

ఇంకొక్క విషయం చెప్పి ముగిస్తాను. ఇది డబ్బు ఆదా గురించి కాదు, ప్రమాదం గురించి. ఎలక్ట్రిక్ కారు దారిలో ఆగిపోతే, మోటారు ఉన్న చక్రాలు నేల మీద దొర్లుతుండగా తాడు కట్టి లాగించకండి. స్విచ్ ఆపి ఉన్నా సరే. అయస్కాంతాలున్న మోటారైతే చక్రం తిరిగినంతసేపూ లోపల వోల్టేజీ పుడుతూనే ఉంటుంది. వేగంగా లాగితే కంట్రోలర్ కాలిపోవచ్చు, మంట కూడా రావచ్చు. మోటారు ఉన్న చక్రాలు పైకెత్తి, లేదా బండి మొత్తాన్ని ట్రాలీ మీదకు ఎక్కించి తీసుకెళ్లమని టోయింగ్ వాళ్లకు మీరే చెప్పండి. స్కూటరైతే నడిచే వేగంతో తోసుకుంటూ పోవచ్చు, భయం లేదు. ఇంకో బండికి కట్టి మాత్రం లాగించవద్దు.